గాలి, రాగి, గాజు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాది 1987 పదో తరగతి బ్యాచి. ముప్పై ఏళ్లుగా కేబుళ్లు వేయించడం, పరీక్షించడం, తెగినచోట అతికించడం నా ఉద్యోగం. ఇలాంటి సభల్లో నాలాంటివాడికి జ్ఞాపకాలు చెప్పుకోవడానికి ఐదు నిమిషాలిస్తారు. ఈసారి కమిటీవారు జ్ఞాపకాలు వద్దని పని అప్పజెప్పారు. స్వర్ణోత్సవ నిధితో బడి మొత్తానికి నెట్‌వర్కు పెట్టిద్దామని తీర్మానించాం కదా. అది గాలిలో పెట్టాలా, తీగ మీద పెట్టాలా, తీగైతే రాగా, గాజా, వీటిలో ఏ మాధ్యమం భద్రం అన్నది అందరికీ అర్థమయ్యేలా చెప్పమన్నారు. మాధ్యమం అనగానే మన బడిలో తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా అనేదే గుర్తొస్తుంది. ఇక్కడ మాధ్యమం అంటే కబురు ప్రయాణించే దారి.

ఈ విషయం మీద మన వాట్సాప్ గ్రూపులో రెండు నెలలుగా వాదన నడుస్తోంది. సగం మంది వైఫై పెట్టేస్తే అయిపోతుంది, గోడలు పగలగొట్టక్కర్లేదు అంటున్నారు. మిగతా సగం మంది ఫైబర్ అయితే ఎవడూ ఏమీ చేయలేడు, ఇక తాళాలు, పాస్‌వర్డులు ఎందుకు అంటున్నారు. నిజం చెప్పాలంటే మొదటి మాటకన్నా రెండో మాటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది.

ముందుగా ఆ దారిలో ఏం ప్రయాణించబోతోందో చూద్దాం. ఆఫీసు గదిలోని కంప్యూటరులో పిల్లల పుట్టిన తేదీలున్నాయి, ఆధార్ నంబర్లున్నాయి, తల్లుల బ్యాంకు ఖాతాల వివరాలున్నాయి, ఇళ్ల ఫోను నంబర్లున్నాయి, ఏ పిల్లకు ఏ జబ్బుందో కూడా ఉంది. మన కాలంలో ఇందులో చాలా భాగం అడ్మిషన్ రిజిస్టరులో ఉండేది. ఆ రిజిస్టరు హెడ్మాస్టరు గారి బీరువాలో ఉండేది. దాన్ని చూడాలంటే గుమాస్తా గారిని దాటాలి. అది అయ్యే పని కాదని ఇక్కడున్న అందరికీ తెలుసు. ఇప్పుడు మనం పెట్టించే నెట్‌వర్కు ఆ బీరువాకు కొత్త తలుపు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కగట్టి, వారి వివరాల విషయంలో తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. ఆ తల్లిదండ్రుల్లో చాలామంది మన ఊరివాళ్లే, కొందరు ఈ హాల్లోనే కూర్చున్నారు.

ఏ మాధ్యమం గురించైనా నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. దొంగచాటుగా వినదలచినవాడు ఎంత దగ్గరికి రావాలి? వాడు విన్న సంగతి మనకు తెలుస్తుందా? వినడం సాధ్యమా అని అడగను. అన్నిట్లోనూ సాధ్యమే.

రాగితో మొదలుపెడతాను, అది మనకు బాగా పరిచయం కాబట్టి. ల్యాండ్‌లైను రోజుల్లో కింద హాల్లో ఒక ఫోను, మేడ మీద దానికి సమాంతరంగా ఇంకో ఫోను ఉన్న ఇళ్లు గుర్తున్నాయా? కింద అక్క మాట్లాడుతుంటే పైన తమ్ముడు రిసీవరు మెల్లగా ఎత్తితే చాలు, మొత్తం రామాయణం వినిపించేది. అక్కకు తెలిసేది కాదు, వాడు నవ్వితే తప్ప. రాగి తీగ స్వభావం అంతా ఆ మేడ మీద ఫోనులోనే ఉంది. వీధి చివర స్తంభానికి ఉండే డీపీ పెట్టె తెరిచి, లైన్‌మన్ తన చేతి ఫోను తగిలించి లైను పరీక్షించేవాడు. ఆయన పరీక్షకు పనికొచ్చిన ఆ రెండు క్లిప్పులే ఇంకొకరి చేతిలో దొంగచెవి. పక్కపక్కన నడిచే తీగల్లో ఒకదాని మాటలు మరొకదానిలోకి దూకడం కూడా మనం విన్నదే. తీగలను జంటలుగా మెలివేస్తే ఆ దూకుడు తగ్గుతుందని గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు కంప్యూటర్లకు వాడే నీలం రంగు కేబులును కోసి చూడండి, లోపల నాలుగు జంటలు అలాగే మెలికలు తిరిగి ఉంటాయి.

మెలివేస్తే తగ్గుతుంది కానీ పోదు. రాగిలో విద్యుత్తు నడుస్తున్నంతసేపూ దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. మన సైన్సు మాస్టారు దిక్సూచి పక్కన తీగ పెట్టి ముల్లు కదిలించి చూపించింది అదే. ముల్లును కదిలించగలిగినది కబురును కూడా మోయగలదు. అంటే తీగ తొక్క ఒలవకుండానే వినవచ్చు.

ఎంతవరకు వినవచ్చో ఒక ఉదాహరణ చెబుతాను. సోవియట్ యూనియన్ తన కామ్చాట్కా నౌకా స్థావరాన్ని వ్లాదివొస్తోక్‌తో కలుపుతూ ఒఖోత్స్క్ సముద్రం అడుగున కేబులు వేసుకుంది. చుట్టూ తమ తీరం, తమ నౌకలు, ఎవడు రాగలడని వాళ్ల ధీమా. ఆ ధీమాతో చాలా సందేశాలను సంకేతభాషలోకి మార్చకుండానే పంపుకునేవారు. 1971లో అమెరికా జలాంతర్గామి హాలిబట్ అక్కడికి చేరింది. ఈతగాళ్లు కేబులును కోయలేదు, గుచ్చలేదు. చుట్టూ ఒక పరికరం తొడిగి వచ్చారు, అంతే. అది లోపలి సంకేతాలను బయటనుంచే పట్టి టేపుల మీద ఎక్కించేది. కొన్నాళ్లకోసారి జలాంతర్గామి వచ్చి నిండిన టేపులు తీసుకుని కొత్తవి పెట్టి వెళ్లేది. ఏళ్ల తరబడి సోవియట్లకు అనుమానమే రాలేదు. చివరికి గుట్టు బయటపెట్టింది ఏ మీటరూ కాదు. అమెరికా నిఘా సంస్థలో పనిచేసి మానేసిన రోనాల్డ్ పెల్టన్ అనే ఉద్యోగి అప్పుల్లో పడి ఆ రహస్యాన్ని వాళ్లకు అమ్ముకున్నాడు. ముట్టింది 35,000 డాలర్లు. ఆ ఆపరేషన్ పేరు ఐవీ బెల్స్.

నా రెండు ప్రశ్నలకు రాగి ఇచ్చే జవాబు అదే. వాడు తీగ దాకా రావాలి. వచ్చాడంటే మనకు తెలియకపోవచ్చు.

రాగిలోనే ఇంకో రకం ఉంది, కేబుల్ టీవీ తీగ. 1990ల్లో పక్కింటివారి తీగకు చిన్న స్ప్లిటర్ తగిలించి చూసినవారు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని అడగను, గురువులు ఉన్నారు. ఆ తీగలో వీధి మొత్తానికి ఒకే సరుకు పారేది. ఎవరు కోసి తగిలించుకుంటే వారికి అన్నీ వచ్చేవి. ఆపరేటరు స్తంభాలెక్కి కనెక్షన్లు పీకేవాడు, మర్నాటికి మళ్లీ తగిలేవి. 2013లో హైదరాబాదు, విశాఖపట్నాలకు, ఆ తర్వాత మిగతా ఊళ్లకు డిజిటల్ సెట్‌టాప్ పెట్టెలు తప్పనిసరయ్యాయి. చాలా వీధుల్లో తీగ పాతదే. పారే సరుకుకు మాత్రం తాళం పడింది, తాళంచెవి ఎవరి పెట్టెలో వారికి వెళ్లింది. స్తంభం ఎక్కి చేయలేని పని తాళం చేసింది.

ఇక గాలి. గాలిలో పంపిన కబురు ఫలానావారి దగ్గరికే వెళ్లాలని మనం అనుకుంటాం. దానికి ఆ సంగతి తెలియదు, అందరి దగ్గరికీ వెళ్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలోకి బ్రిటన్ దిగిన మర్నాడే, 1914 ఆగస్టు 5న, బ్రిటిష్ నౌక ఒకటి జర్మనీ సముద్ర కేబుళ్లను తెంపేసింది. తెంపింది మాటలాపడానికి మాత్రమే కాదు. తీగ పోతే జర్మనీ రేడియో మీద, ఇతర దేశాల తీగల మీద ఆధారపడక తప్పదు. ఆ రెంటినీ బ్రిటన్ వినగలదు. 1917లో జర్మనీ విదేశాంగ మంత్రి జిమ్మర్‌మన్ మెక్సికోకు పంపిన రహస్య తంతి అలాగే బ్రిటిష్‌వారి చేతికి చిక్కింది. అమెరికా యుద్ధంలోకి దిగడానికి దారితీసిన కారణాల్లో అదొకటి.

మైక్రోవేవ్ టవర్ల సంగతి వేరు, ఒక టవరు నుంచి ఇంకో టవరుకు సూటిగా పంపుతాం కదా అని మా వృత్తిలో వాళ్లు కూడా అంటుంటారు. ఇంగ్లండులో కేపెన్‌హర్స్ట్ అనే చోట బ్రిటన్ ప్రభుత్వం ఒక టవరు కట్టింది. ఐర్లండు నుంచి వచ్చే టెలిఫోను సంభాషణలు రెండు మైక్రోవేవ్ కేంద్రాల మధ్య ప్రయాణించే సూటి గీత మీద, సరిగ్గా మధ్యలో ఉంది అది. 1990ల్లో చాలా ఏళ్లు పనిచేసింది. ఆ రెండు కేంద్రాల్లో ఒక్క బల్బు కూడా వెలగలేదు, ఎవరో వింటున్నారని. ఉపగ్రహాలదీ ఇదే కథ. అమెరికా ప్రిడేటర్ డ్రోన్లు పంపే వీడియోలను ఇరాక్‌లో తిరుగుబాటుదారులు 26 డాలర్ల సాఫ్ట్‌వేరుతో పట్టేశారని 2009లో బయటపడింది. లక్షల డాలర్ల విమానం, తాళం లేని వీడియో.

మన వైఫై ఈ కుటుంబంలోదే. గోడ దగ్గర సిగ్నల్ ఆగదు. బడి ప్రహరీ అవతల టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నవాడికి కూడా అందుతుంది, మంచి యాంటెన్నా ఉంటే ఇంకా దూరానికి. అందుకే వైఫైకి మొదటినుంచీ తాళం పెట్టారు. ఆ మొదటి తాళం పేరు వెప్. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు దాని లోపం బయటపెట్టారు. ఆ తర్వాత కూడా చాలామంది దాన్నే వాడుతూ పోయారు. అమెరికాలో టీజేఎక్స్ అనే దుకాణాల సంస్థ అలా వాడినవాటిలో ఒకటి. ఆ గొలుసు నుంచి కనీసం 4 కోట్ల 57 లక్షల కార్డుల నంబర్లు పోయిన సంగతి 2007లో లోకానికి తెలిసింది.

ఇప్పటి తాళాలు అంత బలహీనం కావు. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఎక్కువ చోట్ల నడుస్తున్న డబ్ల్యూపీఏ2 పద్ధతిలో అందరికీ ఒకే పాస్‌వర్డు ఇస్తే, ఆ పాస్‌వర్డు తెలిసినవాడు మీ ఫోను కనెక్ట్ అయ్యే క్షణంలో గాలిలోని సంకేతాలను పట్టుకుని, ఆ తర్వాత మీ వైఫై సంభాషణ తాళం తీయగలడు. బ్యాంకు వెబ్‌సైటు లాంటివి లోపల ఇంకో తాళం వేసుకుంటాయి కాబట్టి అవి నిలుస్తాయి. లోపలి తాళం లేనివి నిలవవు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ లోపాన్ని సరిదిద్దింది. పాస్‌వర్డును స్టాఫ్ రూము గోడకు అంటించే అలవాటును సరిదిద్దే ప్రమాణం మాత్రం ఇంకా రాలేదు.

గాలి జవాబు చూడండి. వాడు దగ్గరికి రానక్కర్లేదు. విన్న సంగతి మనకు అసలే తెలియదు.

ఇప్పుడు గాజు దగ్గరికొద్దాం. ఫైబర్ నా అన్నం పెట్టే వస్తువు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. గాజు పోగు మందం 125 మైక్రాన్లు, అందులో వెలుగు నడిచే దారి సుమారు 9 మైక్రాన్లే. పదో తరగతిలో సంపూర్ణాంతర పరావర్తనం నిర్వచనం నాలుగు మార్కుల ప్రశ్న. ఆ నాలుగు మార్కుల మీదే ఇవాళ ప్రపంచం మాట్లాడుకుంటోంది. గాజు చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉండదు, బయటకు రేడియో తరంగాలు రావు. ఒఖోత్స్క్‌లో తొడిగినట్టు తొడిగితే ఏమీ వినిపించదు. ఇంతవరకు మన గ్రూపులో రాసినవన్నీ నిజమే.

అయితే ఆ పరావర్తనం ఒక షరతు మీద జరుగుతుంది. పతన కోణం సందిగ్ధ కోణం కన్నా ఎక్కువ ఉండాలి. పోగును బాగా వంచితే ఆ షరతు వంపు దగ్గర తప్పుతుంది, కొంత వెలుగు బయటికి కారుతుంది. ఇది దొంగల రహస్యం కాదు. మా పనివాళ్ల సంచీలో ఒక క్లిప్పు ఉంటుంది. ఈ పోగులో ట్రాఫిక్ ఉందా లేదా అని తెలుసుకోవడానికి పోగును అందులో పెట్టి కొద్దిగా వంచితే కారిన వెలుగును చూసి చెబుతుంది. లైను తెగదు, వాడుకునేవారికి తెలియదు. లైన్‌మన్ క్లిప్పుల సంగతి ఇందాక చెప్పాను కదా, ఇది వాటి మనవడు.

మరి తెలుసుకోవడం ఎలా? వెలుగు తగ్గుతుంది కాబట్టి కొలవవచ్చు. దూరప్రాంతపు లైన్లలో కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్ సహజంగానే పోతుంది. దొంగ నూటికి పది వంతులు లాగితే నష్టం 0.46 డెసిబెల్. అంటే రెండు కిలోమీటర్ల పైచిలుకు తీగ అదనంగా వచ్చి పడినట్టు. చూసేవాడుంటే కనిపిస్తుంది. నూటికి ఒక్క వంతు లాగితే 0.04. వానలో గొడుగు కింద కూర్చుని వేసిన అతుకు ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తింటుంది. ఓటీడీఆర్ అనే పరికరంతో వెలుగు పంపి, తిరిగొచ్చిన దాన్ని బట్టి ఏ మీటరు దగ్గర ఏం జరిగిందో చెప్పగలం. కానీ దాన్ని ఎవరు తగిలించి చూస్తున్నారు? లైను తెగితే తప్ప మమ్మల్ని పిలవరు. కాబట్టి గాజు జవాబు ఇది: వాడు చాలా దగ్గరికి రావాలి, నేర్పు ఉండాలి, విన్న సంగతి తెలిసే అవకాశం ఉంది, కానీ చూసేవాడు ఉంటేనే.

పైగా నేర్పున్నవాడు రోడ్డు పక్క గోతిలో కూర్చుని పోగు వంచడు. 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక పెద్ద టెలిఫోను కంపెనీ భవనంలో 641ఎ అనే గది సంగతి బయటపడింది. అక్కడ ఫైబర్‌లోని వెలుగును స్ప్లిటర్‌తో రెండుగా చీల్చి ఒక పాయను నిఘా పరికరాలకు మళ్లించారని రిటైరైన టెక్నీషియను మార్క్ క్లైన్ చెప్పాడు. మన కేబుల్ టీవీ స్ప్లిటరే, గాజుది. 2013లో స్నోడెన్ పత్రాల ద్వారా ఇంకో సంగతి తెలిసింది. గూగుల్, యాహూ తమ డేటా కేంద్రాల మధ్య వాడుకునే సొంత లైన్లలోని సరుకును కూడా అమెరికా, బ్రిటన్ నిఘా సంస్థలు తోడుతున్నాయి. సొంత ఫైబర్ కదా అని లోపల తాళం వేయలేదు. ఆ తర్వాత గూగుల్ ఆ లైన్లన్నిటికీ తాళం వేసింది. ఫైబర్ అయితే ఏమీ చేయలేడు అన్నవారి కోసమే ఈ రెండు ఉదాహరణలు.

ఇంటికి ఫైబర్ పెట్టించుకున్నవారు ఇంకోటి గమనించాలి. జీపాన్ పద్ధతిలో మీ వీధిలో ఒక పోగు 32 లేదా 64 ఇళ్లకు చీలుతుంది. పైనుంచి మీకొచ్చే వెలుగు ఆ ఇళ్లన్నిటికీ వెళ్తుంది. మీ పెట్టె మీది మాత్రమే విప్పి చూపిస్తుంది. అక్కడా కాపలా కాస్తున్నది గాజు కాదు, తాళం.

కబురును ఎవరైనా తాకితే వెంటనే తెలిసిపోయే ఫైబర్ రాలేదా అని మీలో కొందరు అడుగుతారు. వస్తోంది. 2022లో డీఆర్‌డీవో, ఢిల్లీ ఐఐటీ కలిసి ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య మామూలు ఫైబర్ మీద వంద కిలోమీటర్లకు పైగా క్వాంటం పద్ధతిలో తాళంచెవులు పంపి చూపించారు. మన బడి వజ్రోత్సవానికి అందుతుందేమో చూద్దాం.

ఇక మన పని. పాత భవనం నుంచి కొత్త భవనానికి టేపు పెట్టి కొలిచాను, 140 మీటర్లు. నీలం రంగు రాగి కేబులు ప్రమాణం ప్రకారం 100 మీటర్ల దాకానే. దానికి మించి, రెండు భవనాల మధ్య ఆరుబయట రాగి వేస్తే వేసవి పిడుగులకు రెండు చివర్లా పరికరాలు మాడతాయి. కాబట్టి మధ్యలో ఫైబర్. కారణం దూరం, పిడుగు. రహస్యం మూడో కారణం. స్తంభాల మీద లాగడమా, పూడ్చడమా అన్నదీ అడిగారు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీద వెళ్లింది, తెలంగాణలో టీ ఫైబర్ మిషన్ భగీరథ నీటి గొట్టాల గోతుల్లోనే వెళ్లింది. రెండింటికీ కారణం డబ్బు ఆదా. మనకు మాత్రం పూడ్చడమే మేలు, ఎందుకంటే ఆటస్థలం మీదుగా వేలాడే తీగ మీద క్రికెట్ బంతి పడకుండా ఉండదు. పైపులో వేసి, పైన ఇటుకలు పరిచి, పటం గీసి ఆఫీసులో పెడదాం. ఫైబర్‌కు దొంగకన్నా జేసీబీ పెద్ద శత్రువు.

ఆఫీసు కంప్యూటరు తీగ మీదే ఉండాలి, దానికి వైఫై వద్దు. ల్యాబుకు, స్టాఫ్ రూముకు వైఫై పెడదాం, డబ్ల్యూపీఏ3 ఉన్న పరికరాలతో. అది ఆఫీసు నెట్‌వర్కుతో కలవకుండా వేరుగా ఉండాలి. వాడని గోడ సాకెట్లను స్విచ్ దగ్గరే ఆపేయాలి.

అన్నిటికన్నా నాకు బెంగగా ఉన్నది గేటు కెమెరా. తమ్ముళ్లు ఉత్సాహంగా ఇచ్చిన విరాళం అది, కాదనను. కానీ కెమెరాకు వెళ్లే రాగి తీగ మన నెట్‌వర్కులో ఒక కొనను ప్రహరీ బయట వేలాడదీస్తుంది. రాత్రిపూట కెమెరా పీకి ఆ కొనకు లాప్‌టాప్ తగిలిస్తే వాడు మన ల్యాబులో కూర్చున్నట్టే. లోపల ఫైబర్, గోడల్లో మంచి రాగి, అన్నీ వృథా. కెమెరాలన్నీ విడిగా ఒక నెట్‌వర్కులో ఉండాలి, ఆ తీగ గోడ లోపలి వైపు నుంచే రావాలి.

నేను పనిచేసిన చోట ఒక పెద్ద కార్యాలయంలో ఫైబర్ వచ్చే గోతికి ఇనుప మూత, తాళం, కాపలా అన్నీ ఉండేవి. ఆ ఫైబర్ చేరే స్విచ్ మాత్రం టీ కాచే గదిలో, ఫ్రిజ్ మీద ఉండేది. టీ కోసం వచ్చినవారందరికీ చేతికందేంత ఎత్తులో. మన స్విచ్‌కు ఇనుప పెట్టె ఎస్టిమేటులో రాశాను. నాలుగు వేల రూపాయల ఆ పెట్టెను ఖర్చు తగ్గించడానికి కొట్టేశారని నిన్న చూశాను. కోశాధికారి గారూ, దయచేసి మళ్లీ చేర్చండి. కావాలంటే నా పేరు రాయించే పాలరాతి పలకను కొట్టేయండి.

ఆ పెట్టె తాళంచెవులు రెండు. ఒకటి కంప్యూటర్ టీచరు గారి దగ్గర, రెండోది ప్రధానోపాధ్యాయిని గారి బీరువాలో. గోతి తవ్వకం వేసవి సెలవుల మొదటి వారంలో మొదలుపెడతాం, వేపచెట్టు వేళ్లకు తగలకుండా దారి మార్చి గీశాను. పటం గుమ్మం దగ్గర బోర్డు మీద ఉంది. అనుమానాలుంటే భోజనాల దగ్గర పట్టుకోండి, పెరుగన్నం దాకా ఉంటాను. సెలవు.